1808 ముద్ర చెంచాది, నగిషీది కాదు

గ్రీవెన్స్ ఆఫీసర్ గారికి,

విషయం: తప్పుడు వివరణతో అమ్మిన ఇంగ్లిష్ వెండి చెంచాల జత వాపసు గురించి.

నమస్కారమండీ.

మీ సైట్‌లో ‘1808 నాటి లండన్ బెర్రీ స్పూన్లు, నగిషీ కూడా అప్పటిదే’ అని రాసింది నమ్మి, గుంటలో పళ్ల బొమ్మలున్న ఆ జత కొన్నాను. వెండి అసలైనదే, అందులో పేచీ లేదు. కాడ వెనక వెండి నాణ్యతకి, ఏడాదికి గుర్తుగా కొట్టే ముద్రలు, అంటే నడిచే సింహం, కిరీటం పెట్టుకున్న చిరుత తల, సుంకం కట్టినట్టు చెప్పే మూడో జార్జి తల, 1808ని సూచించే పెద్ద ‘ఎన్’ అక్షరం అన్నీ ఉన్నాయి. గొడవంతా నగిషీతోనే.

భూతద్దం పెట్టి చూడండి. సింహం కాళ్లు అరిగి ఒకదాంట్లో ఒకటి కలిసిపోయాయి, రాజుగారి ముక్కు ఆనవాలే లేదు. అదే కాడ మీద ఆకుల గీతలు మాత్రం గోటికి తగిలేంత పదునుగా ఉన్నాయి. ఒక తీగ ‘ఎన్’ గడిని అడ్డంగా కోసుకుంటూ పోయింది, ఆ కోత అంచు కొంచెం కూడా అరగలేదు. ముద్రలు అరిగిపోయాక ఎవరో ఉలి పెట్టారన్నమాట. ఒక చెంచా కాడ చివర ఇంటి చిహ్నమేదో గీకేసినట్టు పల్లంగా ఉంది, దాని మీద పూలు కప్పేశారు.

ఇదేమీ వింత కాదు. ఇంగ్లండ్‌ని జార్జి రాజులు ఏలిన కాలపు టేబుల్ స్పూన్లు చాలావరకు నున్నగా, సాదాగా ఉండేవి. తర్వాత వచ్చిన విక్టోరియా రాణి కాలం వాళ్లకి ఆ సాదాతనం ఆనలేదు. పాత చెంచాల గుంటలో స్ట్రాబెర్రీలు, ద్రాక్షలు, పియర్‌ పళ్లు ఉబ్బెత్తుగా కొట్టించి, బంగారు పూత పూయించి, పళ్లు వడ్డించడానికి వాడుకున్నారు. బెర్రీ స్పూన్ల పేరుతో దొరికే పాత జతల్లో చాలా భాగం ఈ బాపతే. నిజానికి ఆ పళ్ల పనితనం నాకు నచ్చింది కూడా. ‘నగిషీ తర్వాతి కాలానిది’ అని రాసి, అందుకు తగ్గ ధర పెట్టి ఉంటే ఈ ఉత్తరమే ఉండేది కాదు.

ఫోన్ చేస్తే మీ ఆఫీసులో అమ్మాయి ‘92.5 శాతం వెండే కదా మేడమ్’ అంది. తూకానికి వెండి కావాలంటే సికింద్రాబాద్ పాట్ మార్కెట్‌కి వెళ్లేదాన్ని.

ఇంకోటి, రెండు చెంచాలనీ రబ్బరు బ్యాండు వేసి పంపారు. రబ్బరులో ఉండే గంధకానికి వెండి నల్లబడుతుంది. కాడల చుట్టూ నల్లటి గీత దిగింది. పురాతన వస్తువులు అమ్మేవాళ్లకి ఇది తెలియదా?

పూర్తి డబ్బు, తిరుగు పార్సిల్ ఖర్చుతో సహా వాపసు చేయండి. సైట్‌లో వివరణ కూడా సరిదిద్దండి. 2020 నాటి ఈ-కామర్స్ నిబంధనల ప్రకారం 48 గంటల్లో ఫిర్యాదు అందినట్టు తెలపాలి, నెలలోగా పరిష్కరించాలి. లేదంటే జిల్లా వినియోగదారుల కమిషన్‌కి వెళతాను. బిల్లు, మీ ప్రకటన స్క్రీన్‌షాట్, ముద్రల ఫొటోలు జతచేశాను.

ఇట్లు,
కొనుగోలుదారు,
హైదరాబాద్