తారుమారు పోటీ కబుర్లు

మూలాపేట, నెల్లూరు

ఒరేయ్ రఘూ,

నెల్లూరులో మ్యాజిక్ కార్డుల ఆట (మ్యాజిక్: ద గ్యాదరింగ్) ఆడేవాళ్లు ఎవరున్నారని బెంగళూరులో కూర్చుని వెక్కిరిస్తావు కదా, ఎనిమిది మంది తేలారు. మా చిన్నత్త కొడుకు హరి, వాడి దగ్గర ట్యూషన్ చదివే పిల్లలు ఇద్దరు, ఒంగోలు నుంచి పినాకినిలో వచ్చిన లెక్కల మాస్టారు, ఇంకా కొందరు. ఆదివారం కాబట్టి ట్యూషన్ గది మాకే. ఎదురింటాయన మాత్రం కిటికీలోంచి తొంగిచూసి, పేకాట శిబిరం కాదని నమ్మకం కుదిరాకే వెళ్లాడు.

అసలు సంగతి కొత్త పోటీ పద్ధతి. డబ్బున్నవాడి కట్టే గెలుస్తుందన్న పాత గొడవ నీకు తెలిసిందే. దానికి మందుగా పాపర్ అనే పద్ధతి ఎలాగూ ఉంది. అన్నీ కామన్ కార్డులే, అంటే విరివిగా అచ్చయ్యే రకమే వాడాలి, ఆన్‌లైన్‌లోనే కాక 2019లో కాగితపు కార్డుల పోటీలకు కూడా అధికారికమైంది. మేము దాని మీద ఇంకో మెలిక పెట్టాం. మొదటి ఆట ఎవరి కట్టతో వాళ్లు ఆడాలి, రెండో ఆటకు కట్టలు మార్చుకోవాలి. చెరొకటి గెలిస్తే మూడోది. పేరు 'తారుమారు'. జతలు కలపడం మామూలు స్విస్ పద్ధతే, ఎవరినీ తప్పించకుండా సమాన పాయింట్లున్నవాళ్లను కలపడం. చదరంగం వాళ్లు 1895లో జ్యూరిచ్‌లో మొదలుపెట్టినది. ఎనిమిది మందికి మూడు రౌండ్లు చాలు, ఓడినవాడు కూడా చివరిదాకా ఆడతాడు. ఒంగోలు నుంచి వచ్చినాయన ఒక్క ఓటమితో రైలెక్కితే మళ్లీ వస్తాడా?

మన హరి సంగతి తెలుసుగా, నిబంధన వినగానే అందులో కన్నం వెతుకుతాడు. నీలి కట్ట తెచ్చాడు, అందులో ఎదుటివాడు వేసిన కార్డును రద్దు చేసే కౌంటర్‌స్పెల్స్ నాలుగు. తన వంతులో ల్యాండ్లు, అంటే మిగతా కార్డులు వెయ్యడానికి శక్తినిచ్చే కార్డులు, వాడకుండా దాచుకుని, ఎదుటివాడి వంతులో అడ్డుకోవాలి. పదో తరగతి పిల్లవాడి చేతికి ఆ కట్ట వచ్చేసరికి ప్రతి వంతులోనూ ఉన్నవన్నీ ఖర్చు పెట్టేశాడు, అడ్డుకోవలసిన సమయానికి చేతిలో కార్డుంది, ల్యాండ్ లేదు. అంటే డబ్బు గొడవ పోయి, కట్ట ఎంత అర్థం కాకుండా ఉంటే అంత లాభమన్న కొత్త గొడవ వచ్చింది. నాకైతే అది ముచ్చటగానే అనిపించింది. మాస్టారు మాత్రం ఒప్పుకోలేదు. కట్ట ఎలా ఆడాలో యజమాని నాలుగు వాక్యాలు రాసివ్వాలని అక్కడికక్కడే నిబంధన పెట్టించారు. హరి రాసిచ్చినది ఒకటే వాక్యం: 'ఓపిక పట్టండి.'

మూడో ఆటకు ఎవరు ఏ కట్ట తీసుకోవాలన్నది అసలు చిక్కు. కట్ట బలమైనదైతే రెండు ఆటలూ అదే గెలుస్తుంది, అప్పుడు బొమ్మా బొరుసా వేస్తే పోటీ అంతా నాణెం మీదికి పోతుంది. అందుకని వేలం పెట్టాం. రేవులో చేపల వేలం లాగే, కాకపోతే ఇది కిందికి దిగుతుంది. ఆట మొదట్లో అందరికీ 20 ప్రాణాలు, సున్నాకు వస్తే ఓటమి కదా, 'ఆ కట్ట నాకిస్తే 18తో ఆడతా' అని ఒకడు, 'నేను 16తో' అని ఇంకొకడు. ఎవరు తక్కువకు దిగితే కట్ట వాళ్లది.

చివరి రౌండులో మాస్టారి ఎర్ర కట్ట కోసం హరి 12 దాకా దిగాడు. నీలి కట్ట మాస్టారికి మిగిలింది. ఆట సాగిసాగి మాస్టారికి రెండు ప్రాణాలు, హరి చేతిలో లైట్నింగ్ బోల్ట్. మూడు దెబ్బలు, వేస్తే అయిపోయింది. కానీ మాస్టారి ముందు రెండు నీలి ల్యాండ్లు ఇంకా వాడకుండా నిటారుగా ఉన్నాయి, కౌంటర్‌స్పెల్‌కు అవి చాలు, చేతిలో ఒకే కార్డు. ఆ కట్టలో ఏమున్నాయో హరికి తెలిసినంతగా ఎవరికి తెలుసు? ఆయన ల్యాండ్లు వాడేదాకా ఆగుదామని ఆగాడు. మాస్టారు వాటిని ముట్టుకోలేదు. ఎగిరే జీవి ఒక్కదానితో కొట్టుకుంటూ పోయారు. చావు మీదికి వచ్చాక హరి బోల్ట్ వేస్తే కౌంటర్‌స్పెల్ పడింది. అది అంతకు ముందు వంతులోనే వచ్చిందట. మొదట్లో చేతిలో ఉన్నది ఉత్త ల్యాండ్. అది తిప్పి చూపించి, 'నువ్వు రాసిందే చదివాను బాబూ' అన్నారు. హరి ముఖం చూడాల్సిందిరా!

సమయం మాత్రం చాలలేదు. రౌండుకు మామూలు 50 నిమిషాలు, పైన అయిదు వంతులు ఈ పద్ధతికి ఏ మూలకూ రావు, తెలియని కట్ట చదవడానికే సగం పోతుంది. మాస్టారు తిరుగు పినాకినికి ఆటోలో పరుగెత్తారు. ఇంకో తంటా మిరపకాయ బజ్జీలు. ఒకడి వేలి నూనె స్లీవ్ (కార్డు తొడుగు) వెనక అంటింది, అది ఏ కార్డో అందరికీ తెలిసిపోయింది. గుర్తు పడిన కార్డుతో ఆడితే పోటీలో తప్పు కదా, కట్టలు చేతులు మారే ఆటలో ఆ ప్రమాదం రెండింతలు. ఇకపై బజ్జీలు చివరి రౌండు తర్వాతే.

ఈసారి ఒంగోలులో, మాస్టారి ఇంటి హాల్లో. వేలం 10 కంటే దిగకూడదని ఆయన పట్టుదల, దిగే ధైర్యం ఉన్నవాడిని దిగనివ్వాలని నాది. నీ ఓటు కావాలి, ఫోనులో కాదు, వచ్చి వెయ్యి. నీ ఆకుపచ్చ కట్ట తెచ్చుకో, ఎలా ఆడాలో నాలుగు వాక్యాలు రాసి మరీ. అక్కడ నల్ల స్లీవ్‌లు దొరికితే రెండు ప్యాకెట్లు పట్టుకురా, డబ్బులు ఇస్తాను.

నీ
మురళి