బియ్యం బస్తా లెక్క

చిట్టితల్లీ,

"పన్ను కట్టేది జీతగాళ్లమే, తక్కినవాళ్లంతా హాయిగా ఉన్నారు" అని మెసేజ్ పెట్టావు. సగం నిజం. ఆ సగం సంగతి తర్వాత, ముందు బియ్యం చూడు.

2022 జూలై 18 నుంచి 25 కిలోల వరకు ప్యాక్ చేసి లేబుల్ వేసిన బియ్యానికి 5 శాతం జీఎస్టీ పడుతోంది. అంతకు మించిన బస్తాకు లేదు. కొట్లలో 26 కిలోల బస్తాలు ఎందుకు వచ్చాయో ఇప్పుడు తెలిసిందా? బస్తా ఒకేసారి కొనగలిగిన ఇంటికి పన్ను లేదు. కూలి డబ్బు చేతికొచ్చాక అయిదు కిలోల ప్యాకెట్ తెచ్చుకునేవాడికి ఉంది. విడిగా తూచి ఇచ్చే బియ్యానికీ లేదనుకో, కానీ అలా తూచే కొట్టు వాడి వీధిలో ఉండాలి కదా.

నెలకు 15,000 వచ్చే ఇంట్లో అన్ని సరుకుల మీదా కలిపి 1,000 జీఎస్టీ పోయిందనుకుందాం. సంపాదనలో నూటికి ఆరున్నర పైనే. లక్షన్నర వచ్చే ఇల్లు దానికి మూడింతలు, 3,000 కట్టినా నూటికి రెండే. ఇన్‌కమ్ ట్యాక్స్ కట్టనివాళ్లు పన్నే కట్టరని ఇంకెక్కడా అనకు.

ఇక నీ సగం నిజం. 2025-26లో ఇన్‌కమ్ ట్యాక్స్ కొత్త విధానం కింద, 75,000 స్టాండర్డ్ డిడక్షన్ (జీతంలోంచి పన్ను లెక్కకు ముందే తీసేసే మొత్తం) పోగా మిగిలిన 10 లక్షలూ జీతమే అయితే రిబేటు (12 లక్షల లోపు ఆదాయానికి పన్ను మాఫీ) వల్ల పన్ను సున్నా. అదే 10 లక్షల్లో 8 జీతం, 2 ఏడాది తిరక్కుండా అమ్మిన షేర్ల లాభం అయితే? ఆ లాభానికి రిబేటు వర్తించదు. 20 శాతం చొప్పున 40,000, దాని మీద సెస్సు (పన్ను మీద పన్ను) 1,600. చాలామంది బోల్తా పడేది ఇక్కడే: 12 లక్షల లోపేగా అని అడ్వాన్స్ ట్యాక్స్ (ఏడాది మధ్యలోనే ముందుగా కట్టాల్సిన పన్ను) కట్టరు, రిటర్న్ వేసేటప్పుడు వడ్డీతో కడతారు.

పైమెట్లకు వెళ్తే లెక్క తిరగబడుతుంది, నీ మాట నిజమయ్యేది అక్కడే. 24 లక్షలు దాటిన జీతంలో ప్రతి నూరుకీ 30. ఏడాది దాటాక అమ్మిన షేర్ల లాభంలో మొదటి లక్షా పాతిక వేలు వదిలేసి, ఎన్ని కోట్లయినా నూటికి పన్నెండున్నరే (సెస్సు, పెద్ద రాబడుల మీద అదనంగా వేసే సర్‌చార్జి వేరే). వ్యవసాయ ఆదాయాన్ని రాజ్యాంగం రాష్ట్రాలకు వదిలింది, కేంద్రం పన్ను వేయదు. రెండెకరాల రైతుకు అది న్యాయమే. కోట్లలో రాబడి చూపేవాళ్లకీ అదే మినహాయింపు అంటే నాకు మింగుడుపడదు.

షేర్లు అమ్మేముందు కొన్న తేదీ చూసుకో. ఏడాది నిండడానికి పదిరోజులే ఉంటే ఆగు.

నాన్న