శిక్షణ తరగతి గదిలోనే జరగాలి

సంపాదకునికి,

ప్రాథమిక పాఠశాలల్లో పాఠ్యపుస్తకానికి అదనంగా కథలు చెప్పించడం, ప్రకృతి పరిశీలన వంటి కార్యక్రమాలు పెట్టమంటున్నారు గాని, వాటిని నడిపే ఉపాధ్యాయులకు ఆ పని నేర్పడంపై అంత శ్రద్ధ కనిపించడం లేదు. ప్రతి ఉపాధ్యాయునికీ ఏటా కనీసం 50 గంటల వృత్తి శిక్షణ ఉండాలని 2020 జాతీయ విద్యా విధానం చెప్పింది. గంటలదేముంది, సెల్‌ఫోన్‌లో శిక్షణ వీడియో నడుస్తుండగా మధ్యాహ్న భోజనం లెక్కలు రాసుకున్న రోజులు నాకూ ఉన్నాయి.

అమెరికాలోని కనెక్టికట్ విశ్వవిద్యాలయ ఆచార్యుడు జోసెఫ్ రెంజుల్లీ ఇలాంటి అదనపు కార్యక్రమాల కోసం 1977లో ప్రతిపాదించిన నమూనాలో మూడు దశలున్నాయి: కొత్త విషయాలను పరిచయం చేయడం, ఆలోచనా నైపుణ్యాలు నేర్పడం, ఆపై ఆసక్తిగల పిల్లలు నిజమైన సమస్యను స్వయంగా శోధించడం. మొదటిది ఒక ప్రసంగంతో గట్టెక్కుతుంది. మూడోదానికి ఉపాధ్యాయుడు వెంటనే జవాబు చెప్పకుండా ఆగడం నేర్చుకోవాలి. అది మాబోటివారికి అన్నిటికన్నా కష్టం.

మన నెల్లూరు జిల్లాలో ఇందుకు వనరుల కొరత లేదు. ఉదయగిరిలో కొయ్య గరిటెలు చెక్కేవారి దగ్గర కూర్చోబెడితే నాలుగో తరగతి పిల్లలు ఏ కర్ర చీలుతుందో, ఏది చీలదో అడుగుతారు. సోమశిల జలాశయం నీరు ఏ కాలువ మీదుగా తమ ఊరి మడికి చేరుతుందో పటం గీయగలరు.

పల్లిపాడులోని జిల్లా విద్యా శిక్షణ సంస్థ అధ్యాపకులు నెలకొక బడిలో పిల్లల ముందే ఇలాంటి పాఠం నడిపి చూపించి, మరుసటి నెల ఆ ఉపాధ్యాయుల తరగతులను స్వయంగా చూసి సరిదిద్దేలా, ఏకోపాధ్యాయ పాఠశాలలకు ఆ రోజున మరొకరిని పంపేలా అధికారులు ఏర్పాటు చేయాలని కోరుతున్నాను.

– ఒక విశ్రాంత ప్రధానోపాధ్యాయుడు, ఆత్మకూరు, నెల్లూరు జిల్లా