వెనకబడిన అభ్యర్థి చివరి ఓటు దాకా నిలబడటం ద్రోహం కాదు

సంపాదకులు గారికి,

నమస్కారం.

అమెరికా అధ్యక్ష ఎన్నికల కాలం వచ్చినప్పుడల్లా మన తెలుగు పత్రికల్లో ఒక ధోరణి కనిపిస్తుంది. పార్టీ అభ్యర్థిత్వం కోసం ముందంజలో ఉన్న నాయకుడికి అదే పార్టీలో మరొకరు గట్టి పోటీ ఇస్తే ఆ వార్తను అసమ్మతి అనో, తిరుగుబాటు అనో, ఇంటిపోరు అనో పిలుస్తున్నాం. లెక్కల్లో వెనకబడిన వ్యక్తి ఇంకా బరిలోనే ఉంటే పార్టీకి చేటు చేస్తున్నట్టు వ్యాఖ్యానిస్తున్నాం. చాలా ఏళ్లు డిగ్రీ విద్యార్థులకు రాజనీతిశాస్త్రం బోధించినవాణ్ణి కనుక, ఈ మాటలు అక్కడి ప్రాథమిక ఎన్నికల (పార్టీ అభ్యర్థిని ఓటర్లే ఎంచుకునే ప్రైమరీల) స్వభావాన్ని మన పాఠకులకు తప్పుగా పరిచయం చేస్తున్నాయని చెప్పవలసిన బాధ్యత నాకుందని భావిస్తున్నాను. అందుకు 2008లో డెమొక్రటిక్ పార్టీలో హిల్లరీ క్లింటన్‌కూ బరాక్ ఒబామాకూ మధ్య జరిగిన పోటీని మించిన పాఠం నాకు కనిపించదు.

2007 సంవత్సరమంతా జాతీయ సర్వేల్లో హిల్లరీదే పైచేయి. ఆమె మాజీ అధ్యక్షుడి భార్య, న్యూయార్క్ సెనేటర్. పార్టీ పెద్దల్లో ఎక్కువమంది ఆమె వైపే ఉన్నారు. ఒబామా సెనేట్‌లో అడుగుపెట్టి అప్పటికి రెండేళ్లు. అలాంటిది 2008 జనవరి 3న అయోవా కాకస్‌లలో (ఓటర్లు స్థానిక సమావేశాల్లో కూడి అభ్యర్థిని ఎంచుకునే పద్ధతి) ఒబామా గెలవగా, హిల్లరీ మూడో స్థానానికి జారారు. ఐదు రోజులు తిరగకముందే న్యూహాంప్‌షైర్‌లో ఆమె మళ్లీ గెలిచారు. అక్కడినుంచి జూన్ మొదటి వారం దాకా సాగిన ఆ పోటీలో ఎవరు ముందున్నవారు, ఎవరు సవాలు చేస్తున్నవారు అన్నదే తారుమారైపోయింది.

ఆ ఫిబ్రవరిలో నేను న్యూజెర్సీలో మా అమ్మాయి ఇంట్లో ఉన్నాను. వాళ్లకు అప్పటికి గ్రీన్‌కార్డు మాత్రమే ఉంది కాబట్టి ఓటు లేదు. ఆ వీధిలో ఉన్న తెలుగు కుటుంబాలలో పౌరసత్వం వచ్చిన ఒకరిద్దరు మాత్రం ఫిబ్రవరి 5న పొద్దున్నే వెళ్లి ఓటు వేసి వచ్చారు. రాత్రికి న్యూజెర్సీలో హిల్లరీ గెలిచారని టీవీలో చెబితే, ఇక ఆమెకు తిరుగులేదని నేనూ అనుకున్నాను. లెక్క వేరే ఉందని మరునాడు పత్రిక చదివాకగాని అర్థం కాలేదు. డెమొక్రటిక్ పార్టీ నిబంధనల ప్రకారం, కనీసం 15 శాతం ఓట్లు తెచ్చుకున్న అభ్యర్థులందరికీ ఓట్ల దామాషాలో, పార్టీ మహాసభలో అభ్యర్థిని ఎన్నుకునే ప్రతినిధులను పంచుతారు. పెద్ద రాష్ట్రమైన న్యూజెర్సీలో హిల్లరీకి 59 మంది, ఒబామాకు 48 మంది ప్రతినిధులు దక్కారు, అంటే ఆమెకు వచ్చిన ఆధిక్యం 11. అదే రోజు ఐడహో అనే చిన్న రాష్ట్రంలో కాకస్‌లు జరిగితే ఒబామాకు 15, హిల్లరీకి 3 వచ్చాయి. ఆధిక్యం 12. జనాభాలో న్యూజెర్సీ ముందు పిసరంత అయిన ఐడహో ఆ గెలుపును తుడిచిపెట్టేసింది. ఆ తరువాత ఫిబ్రవరి నెలాఖరు వరకు జరిగిన పోటీలన్నీ ఒబామావే. పెద్ద రాష్ట్రాలు గెలిస్తే పోరు ముగుస్తుందని హిల్లరీ శిబిరం నమ్మింది. ఒబామా శిబిరం మాత్రం ఎవరూ పట్టించుకోని కాకస్ రాష్ట్రాలలో నెలల ముందునుంచే కార్యకర్తలను కూడగట్టుకుంది. మన వార్తల్లో ‘ఫలానా రాష్ట్రం ఫలానా వారిది’ అన్న ఒక్క ముక్కతో సరిపెడితే ఈ అసలు కథంతా పాఠకుడికి అందకుండా పోతుంది.

మార్చి నెలాఖరుకు ఒబామా ఆధిక్యాన్ని హిల్లరీ దాటడం దాదాపు అసాధ్యమని తేలిపోయింది. ఆమె తప్పుకోవాలని వెర్మాంట్ సెనేటర్ పాట్రిక్ లేహీ బహిరంగంగానే కోరారు. ఆమె ఎంతకాలం కావాలంటే అంతకాలం పోటీలో ఉండవచ్చునని ఒబామాయే అనవలసి వచ్చింది. ఆ మాట రాజకీయ మర్యాదకే అని ఉండవచ్చు గాని, జరిగిన మేలు మాత్రం ఆయనకే జరిగింది. అప్పటికి పెన్సిల్వేనియా, ఇండియానా, నార్త్ కరోలినా, వెస్ట్ వర్జీనియా, కెంటకీ, ఒరెగన్, మోంటానా, సౌత్ డకోటా ఇంకా ఓటు వేయలేదు. మామూలుగా ఆ రాష్ట్రాల వంతు వచ్చేసరికి అభ్యర్థి ఖరారైపోయి, అక్కడి ఓటు నామమాత్రమవుతుంది. ఆ ఏడాది మాత్రం ఇద్దరు అభ్యర్థులూ ఇండియానా కర్మాగారాల గేట్ల దగ్గర, నార్త్ కరోలినా కళాశాలల్లో వారాల తరబడి తిరిగారు. ఊరూరా కార్యాలయాలు తెరిచారు, కొత్త ఓటర్లను నమోదు చేయించారు. ఇండియానాలో హిల్లరీ అతి స్వల్ప తేడాతో గెలిచారు, నార్త్ కరోలినాలో ఒబామా సులువుగా గెలిచారు. నవంబరులో ఏమైందో చూడండి. 1964 తరువాత ఏ డెమొక్రాట్‌కూ దక్కని ఇండియానా, 1976 తరువాత దక్కని నార్త్ కరోలినా రెండూ ఒబామాకు దక్కాయి. ఆ ఏటి ఆర్థిక సంక్షోభానికి ఇందులో పెద్ద పాత్రే ఉంది, కాదనను. కానీ మే నెలలో వేసిన ఆ కార్యకర్తల పునాది లేకుంటే ఈ రెండు రాష్ట్రాలు అంత తక్కువ తేడాతో ఆయన వైపు మొగ్గేవని నేను నమ్మను.

ఇంటిగుట్టు లంకకు చేటు అన్న సామెతను కొందరు గుర్తు చేస్తారు. సొంత పార్టీవారే ఒకరి లోపాలు ఒకరు బయటపెట్టుకుంటే శత్రువుకు ఆయుధం ఇచ్చినట్టే కదా అని వారి ప్రశ్న. ఈ ప్రశ్న తేలిగ్గా కొట్టివేయదగింది కాదు. ఆ పోరు ఎప్పుడూ హుందాగా సాగిందని కూడా నేను అనను. 2007 జూన్‌లో ఒబామా ప్రచార బృందం విలేకరులకు పంచిన ఒక పత్రంలో, హిల్లరీని పంజాబ్ ప్రతినిధి అన్నట్టుగా వెక్కిరిస్తూ, భారతీయులతో ఆమెకున్న సంబంధాలనే తప్పుగా చూపారు. అక్కడి మనవాళ్లు గట్టిగా నిరసించాక ఒబామా స్వయంగా విచారం వెలిబుచ్చారు. అయితే దాగి ఉన్న గుట్టు ఎప్పుడో ఒకప్పుడు బయటపడక మానదు. అది వసంతంలో బయటపడితే జవాబు చెప్పుకునే వ్యవధి ఉంటుంది. అక్టోబరు చివరి వారంలో బయటపడితే ఉండదు. ఒబామా వెళ్లే చర్చి పాస్టరు వివాదాస్పద ప్రసంగాల వీడియోలు మార్చిలోనే టీవీల్లో మారుమోగాయి కాబట్టే, మార్చి 18న ఫిలడెల్ఫియాలో జాతి సమస్యపై ఆయన సుదీర్ఘంగా మాట్లాడి, తన వైఖరిని దేశానికి వివరించుకోగలిగారు. నవంబరు నాటికి అది పాత సంగతి అయిపోయింది. హిల్లరీ వంటి బలమైన ప్రత్యర్థి లేకపోతే ఆయనకు ఆ పరీక్ష అంత ముందుగా ఎదురయ్యేది కాదు.

ఇక సొంతపార్టీ పోటీ ఓటమికి దారితీస్తుందనడానికి 1976నూ 1980నీ చూపించేవారు ఉంటారు. 1976లో రిపబ్లికన్ అధ్యక్షుడు ఫోర్డ్‌ను అదే పార్టీకి చెందిన రీగన్ సవాలు చేశారు. కాన్సస్ సిటీ మహాసభలో ఫోర్డ్ 1,187 – 1,070 తేడాతో బయటపడి, నవంబరులో డెమొక్రాట్ కార్టర్ చేతిలో ఓడిపోయారు. 1980లో అదే కార్టర్‌ను ఎడ్వర్డ్ కెన్నెడీ మహాసభ దాకా ఎదిరించారు. నవంబరులో కార్టర్ ఆరు రాష్ట్రాలూ రాజధాని మినహా అన్నీ కోల్పోయారు. ఈ రెండింటినీ పట్టుకుని సొంతపార్టీ పోటీ వల్లే అధ్యక్షులు ఓడారని చెప్పడం, జ్వరం కొలిచిన థర్మామీటరునే జ్వరానికి కారణమనడం లాంటిది. వాటర్‌గేట్ కుంభకోణంతో పదవి వదిలిన అధ్యక్షుడు నిక్సన్‌కు క్షమాభిక్ష పెట్టిన ఫోర్డ్‌పై ప్రజల ఆగ్రహం రీగన్ సృష్టించింది కాదు. 1980లో పదమూడు శాతం దాటిన ద్రవ్యోల్బణానికీ, టెహరాన్‌లో బందీలైన అమెరికన్ల వ్యథకూ కెన్నెడీ కారకుడు కాదు. అధ్యక్షుడు అప్పటికే బలహీనపడ్డాడు కాబట్టే సొంత పార్టీలో సవాలు పుట్టింది.

పోటీ తీవ్రత కన్నా, తీర్పరి మీద నమ్మకం పోవడమే పార్టీలకు ఎక్కువ నష్టం చేస్తుందని నా అభిప్రాయం. ఈ విషయంలో 2008 హిల్లరీ శిబిరాన్ని నేను సమర్థించలేను. మిషిగన్, ఫ్లోరిడా రాష్ట్రాలు పార్టీ నిర్ణయించిన తేదీకన్నా ముందే ఎన్నిక జరిపినందుకు వాటి ప్రతినిధులకు గుర్తింపు పోయింది. మిషిగన్ బ్యాలెట్ నుంచి ఒబామా తన పేరే ఉపసంహరించుకున్నారు. వెనకబడ్డాక ఆ ఫలితాలను పూర్తిగా లెక్కించాలని హిల్లరీ వర్గం పట్టుపట్టడం, ఆట మధ్యలో నియమం మార్చమనడమే. మే 31న పార్టీ నిబంధనల సంఘం ఆ ప్రతినిధులకు అర ఓటు చొప్పున ఇచ్చి ఆ తగాదాను తీర్చింది. అందరికీ నచ్చకపోయినా ఆ తీర్పు అందరి కళ్లెదుటే జరిగింది. 2016లో అలా కాలేదు. అభ్యర్థిత్వానికి హిల్లరీతో పోటీపడిన బెర్నీ శాండర్స్ పట్ల పార్టీ జాతీయ కమిటీ సిబ్బంది విముఖంగా ఉన్నారని లీకైన ఈమెయిళ్లు చూపించాయి, మహాసభకు ముందు రోజే కమిటీ అధ్యక్షురాలు రాజీనామా ప్రకటించవలసి వచ్చింది. అప్పటికే శాండర్స్ హిల్లరీకి మద్దతు ప్రకటించి ఉన్నా, ఆయన అభిమానుల్లో చాలామంది మనసు కుదుటపడలేదు. రెండేళ్లకు పార్టీయే సూపర్ డెలిగేట్లకు (ప్రైమరీ ఫలితాలకు కట్టుబడనక్కరలేని పార్టీ పెద్దలకు) మహాసభ తొలి విడత ఓటింగులో నిర్ణాయక పాత్ర లేకుండా నిబంధన మార్చుకుంది.

2008లో చివరి రెండు రాష్ట్రాలు జూన్ 3న ఓటు వేశాయి. సౌత్ డకోటా హిల్లరీకి, మోంటానా ఒబామాకు వచ్చాయి, అభ్యర్థిత్వం ఒబామాకు ఖరారైంది. నాలుగు రోజులకు హిల్లరీ తన ప్రచారాన్ని ముగించి ఆయనకు మద్దతు ప్రకటించారు. అదే నెలలో ఇద్దరూ కలిసి తొలి సభ పెట్టిన న్యూహాంప్‌షైర్ ఊరి పేరు యూనిటీ, అంటే ఐకమత్యం. జనవరిలో ఆ ఊళ్లో ఇద్దరికీ సరిగ్గా 107 ఓట్ల చొప్పున వచ్చాయి. ఆగస్టులో డెన్వర్ మహాసభలో ఓటింగు మధ్యలో ఆపి ఒబామాను ఏకగ్రీవంగా ప్రకటించాలని ప్రతిపాదించినది హిల్లరీయే. ఓటర్లందరి మాటా విన్న తరువాత తప్పుకున్నారు కాబట్టే ఆమె ప్రతిపాదనకు ఆ బరువు వచ్చింది. మార్చిలో పెద్దల ఒత్తిడికి లొంగి తప్పుకుని ఉంటే ఆమె అనుచరులు ఆ ఓటమిని అంత నిండుగా ఒప్పుకునేవారా?

అభ్యర్థిని అధిష్ఠానం నిర్ణయించి బి-ఫారం చేతికిచ్చే పద్ధతికి అలవాటుపడిన మనకు, సొంత పార్టీలో పోటీ అంటే ధిక్కారంగా తోచడం సహజం. 2022 అక్టోబరులో కాంగ్రెస్ అధ్యక్ష పదవికి మల్లికార్జున ఖర్గేపై శశి థరూర్ పోటీ చేసి 7,897 – 1,072 తేడాతో ఓడిపోయినప్పుడు, ఆయన పోటీ చేయడమే తప్పన్నట్టు మాట్లాడినవారు ఎందరో నాకు తెలుసు. కనీసం వార్తాపత్రికలైనా ఆ అలవాటుకు లోబడరాదు.

2028లో ప్రస్తుత అధ్యక్షుడు రాజ్యాంగం ప్రకారం మళ్లీ పోటీ చేయలేరు కనుక రెండు పార్టీలలోనూ అభ్యర్థిత్వం కోసం గట్టి పోరు ఉంటుంది. ఓటు హక్కు వచ్చిన మన పిల్లలు ఎందరో ఆ ప్రైమరీలలో ఓటు వేస్తారు, ఇక్కడి తల్లిదండ్రులు మీ పత్రికలోనే ఆ ఫలితాలు చదువుతారు. కాబట్టి ప్రతి రాష్ట్ర ఫలితంతో పాటు ఎవరికి ఎంతమంది ప్రతినిధులు వచ్చారో, ఆ రాష్ట్రంలో దామాషా పద్ధతి ఉందో గెలిచినవారికే మొత్తం ఇచ్చే పద్ధతి ఉందో, ఇంకా ఎన్ని రాష్ట్రాలు మిగిలాయో ఒక చిన్న పట్టికగా ముద్రించవలసిందిగానూ, వెనకబడిన అభ్యర్థిని తిరుగుబాటుదారు అనకుండా అభ్యర్థి అనే రాయవలసిందిగానూ కోరుతున్నాను.

ఇట్లు,
రాజనీతిశాస్త్ర విశ్రాంత అధ్యాపకుడు,
రాజమహేంద్రవరం