నీడ ముందు, రంగు తర్వాత

చిన్నా,

వాటర్‌కలర్ లుక్ ఎలా తేవాలని అడుగుతూ నువ్వు పంపిన ఎలివేషన్, అదే బిల్డింగును ఎదురుగా నిలబడి చూసినట్టు కొలతకు గీసిన బొమ్మ, చూశాను. కంప్యూటర్‌లో వాటర్‌కలర్ ఫిల్టర్ కొట్టావని చూడగానే తెలిసిపోయింది. గోడ అంచు, కిటికీ అంచు, చెట్టు అంచు, ఆఖరికి మనిషి బొమ్మ అంచు కూడా ఒకేలా చెదిరాయి. చేత్తో వేస్తే అలా రాదు. అయినా నా అసలు ఫిర్యాదు అది కాదు. నీ బిల్డింగులో ఏది ముందుకొచ్చిందో, ఏది లోపలికి పోయిందో నాకు అంతు చిక్కలేదు. బాల్కనీ ఉన్న సంగతి నువ్వు మెసేజ్‌లో రాస్తేనే తెలిసింది. షీటు మీద అది గోడకు గీసిన పెట్టెలా ఉంది.

ఎలివేషన్‌తో వచ్చే చిక్కే అది. పర్‌స్పెక్టివ్ వేస్తే దూరంగా ఉన్నది చిన్నదవుతుంది, గీతలు వెళ్లి ఒకచోట కలుస్తాయి, లోతు కంటికి దానంతటదే తెలుస్తుంది. ఎలివేషన్‌లో ఆ సౌకర్యం లేదు. ముందుకు పొడుచుకొచ్చిన పోర్టికో, పదడుగులు వెనకున్న మెట్ల గది, రెండూ ఒకే స్కేలులో పక్కపక్కన నిలబడతాయి. వాటి మధ్య ఉన్న ఆ పదడుగుల సంగతి చెప్పేది ప్రధానంగా నీడే. నువ్వు అడిగింది వాటర్‌కలర్ లుక్ ఎలా తేవాలని. నేను మాత్రం నీడల గురించే ఎక్కువ రాస్తాను, విసుక్కోకుండా చదువు.

పాతకాలం నుంచి వస్తున్న పద్ధతి ఒకటుంది. ఎండ మన ఎడమ భుజం మీదుగా వచ్చి బిల్డింగు మీద పడుతుందనుకుంటాం. ప్లాన్‌లో చూసినా కిరణం 45 డిగ్రీలే, ఎలివేషన్‌లో చూసినా 45 డిగ్రీలే. ఒక క్యూబు తీసుకుంటే, ముందు పక్క పై ఎడమ మూల నుంచి వెనక పక్క కింది కుడి మూలకు పోయే కర్ణం ఉంటుంది కదా, అదీ కిరణం దారి. నిజానికి ఆ కిరణం నేలతో చేసే కోణం సుమారు 35 డిగ్రీలు. గీసేటప్పుడు దాంతో పని లేదు, 45 సెట్‌స్క్వేర్ చాలు. దీనివల్ల లాభం ఏమిటంటే, గోడ నుంచి ఒక వస్తువు ఎంత బయటికొస్తే దాని నీడ అంతే కిందికి, అంతే కుడికి జరుగుతుంది. సన్‌షేడ్ 600 మిల్లీమీటర్లు బయటికుంటే 1:50 స్కేలులో, అంటే అసలు కొలతలో యాభయ్యో వంతుగా గీస్తే, దాని నీడ 12 మిల్లీమీటర్లు దిగుతుంది. బాల్కనీ స్లాబు 1200 ఉంటే 24. కిటికీ ఫ్రేము గోడలోకి 150 లోపలికి ఉంటే పై అంచున, ఎడమ అంచున 3 మిల్లీమీటర్ల సన్నటి పట్టీ పడుతుంది. ఈ మూడు పట్టీలూ ఒకే షీటు మీద కనబడితే చాలు, ఎవరికీ ప్లాన్ చూపించే అవసరం రాదు. నీ షీటులో అన్ని నీడలూ ఒకే వెడల్పు. అన్నిటికీ ఒకేలాంటి నీడ పెట్టేసే డ్రాప్ షాడో బటన్ నొక్కావు కదూ?

ఇంకొకటి చెబుతా, ఇది నాకు చాలా ఇష్టమైన విషయం. స్లాబు ముందంచు తిన్నగా ఉండి, దాని కింద గోడ వంపు తిరిగి ఉందనుకో. ఆ గోడ మీద పడే నీడ అంచు తిన్నగా రాదు. స్లాబు అంచుకు గోడ దగ్గరగా ఉన్నచోట నీడ తక్కువ దిగుతుంది, గోడ వెనక్కి పోయినచోట ఎక్కువ దిగుతుంది. అంటే ఆ గోడ ప్లాన్ ఎలా ఉందో అచ్చం అదే ఆకారం నీడ అంచులో వచ్చేస్తుంది. గోడ గుండ్రంగా ముందుకొస్తే నీడ అంచు ఆర్చిలా మధ్యలో పైకి లేస్తుంది. గోడ మెట్లు మెట్లుగా వెనక్కి పోతే నీడ కూడా మెట్లు మెట్లుగా దిగుతుంది. నీ మెట్ల గది వంపు గోడ మీద పిట్టగోడ పట్టీ నీడ తిన్నగా గీసేశావు. వంపు ఉన్నా లేనట్టే అయిపోయింది.

గుండ్రటి స్తంభాలకు కూడా ఒక మాట. కుడి అంచు దగ్గరికి వచ్చేసరికి బాగా నల్లగా చేశావు. అక్కడ అంత చీకటి ఉండదు. వెలుగు ఆగిపోయే గీత మధ్య నుంచి కుడికి, వ్యాసార్థంలో 0.7 వంతు దూరంలో వస్తుంది. అక్కడే చిక్కటి ముదురు. అది దాటాక వెనక గోడ నుంచి, నేల నుంచి తిరిగొచ్చే వెలుగు పడి అంచు కాస్త తేలుతుంది. ఆ తేలిక లేకపోతే స్తంభం గుండ్రంగా కనబడదు, పక్కకు మడిచిన అట్టలా ఉంటుంది.

పారిస్‌లోని ఎకోల్ దె బోజార్ అనే కళల విద్యాసంస్థలో ఆర్కిటెక్చర్ విద్యార్థులు ఈ నీడలతోనే కుస్తీ పట్టేవాళ్లు. పల్చటి ఇండియన్ ఇంకు వాష్ (నీళ్లు కలిపిన పూత) ఒక పొర, అది ఆరాక ఇంకో పొర, అలా వేసుకుంటూ పోయేవాళ్లు. మీటర్ల వెడల్పున్న షీట్లు కూడా ఉన్నాయి. 1968 విద్యార్థి ఉద్యమం తర్వాత అక్కడ ఆర్కిటెక్చర్ చదువు ఆగిపోయింది. 1975లో న్యూయార్క్ మోడర్న్ ఆర్ట్ మ్యూజియం ఆ డ్రాయింగులను తెచ్చి ఎగ్జిబిషన్ పెట్టింది. అలంకారం లేని ఆధునిక బిల్డింగులను నెత్తికెత్తుకున్న మ్యూజియమే అది! ఆ కేటలాగు ఎక్కడైనా దొరికితే తిరగెయ్. బిల్డింగుల అలంకారం నీకు నచ్చకపోవచ్చు, నాకూ కొన్ని నచ్చవు. నీడలు మాత్రం చూడు.

ఇక చేత్తో వెయ్యడం. కాగితం 300 జీఎస్ఎం (చదరపు మీటరుకు 300 గ్రాముల మందం), కాటన్‌ది తీసుకో. తడిపి బోర్డు మీద పరిచి నాలుగు వైపులా గమ్ టేపు అంటించి ఆరనివ్వు, లేదంటే వాష్ పడగానే ఉబ్బుతుంది. గీతలు ఎక్కువున్న డ్రాయింగుకు హాట్ ప్రెస్ నునుపు బాగుంటుంది. గోడకు కాస్త గరుకుదనం కావాలంటే కోల్డ్ ప్రెస్. గీతలకు వాటర్‌ప్రూఫ్ ఇంకే వాడు, ముందు ఒక మూల తడి బ్రష్ పెట్టి చూడు. ఇంక్‌జెట్ ప్రింటు మీద వేద్దామనుకుంటే కూడా ఈ పరీక్ష తప్పదు. నీళ్లలో కరిగే డై ఇంకు అయితే నీళ్లు తగలగానే పాకిపోతుంది.

ముందు, కాగితం తెలుపు వదలాల్సిన చోట్లు తప్ప షీటంతా యెల్లో ఓకర్ (మట్టి పసుపు) చాలా పల్చగా. తర్వాత గోడ రంగు. బాగా ఆరాక నీడలు. బోర్డును కొద్దిగా వాలుగా పెట్టి, బ్రష్ నిండా రంగు తీసుకుని పైనుంచి లాగుతూ రా. కింద ఒక నీటి తెట్టు నిలబడుతుంది, దాన్ని తెంచకుండా కిందికి దించుకుంటూ వచ్చి, చివర పిండిన బ్రష్‌తో పీల్చెయ్. వదిలేస్తే అది ఆరుతున్న వాష్‌లోకి వెనక్కి పాకి పువ్వులా మరక కడుతుంది. ఒక సన్‌షేడ్ నీడ గోడ మీద, ఫ్రేము మీద, అద్దం మీద పడుతుంటే మూడింటినీ కలిపి ఒకే వాష్‌లో లాగాలి. కిటికీకి వేరుగా, గోడకు వేరుగా వేస్తే ముక్కలు అతికించినట్టుంటుంది. నీడకు నలుపు ట్యూబు తియ్యకు. అల్ట్రామెరైన్ నీలంలో బర్న్ట్ సియన్నా (ఎర్రటి గోధుమ రంగు) కలుపు, చక్కటి బూడిద రంగు వస్తుంది, కింద ఉన్న గోడ రంగు కూడా కనబడుతుంది. తడిగా ఉండగానే స్లాబు కింద కాస్త బర్న్ట్ సియన్నా వదులు. ఎండ పడిన నేల నుంచి పైకి తిరిగి కొట్టే వెలుగు అది. నీడ అంటే చీకటి అనుకుంటారు గానీ, నీడలోనే బోలెడంత వెలుగుంటుంది.

అద్దాలకు నీలం పూసేశావు, అందరూ చేసేదే. పగలు బయటి నుంచి చూస్తే గదిలో చీకటే ముందు కనబడుతుంది, ఆకాశం ప్రతిబింబించిన చోట మాత్రమే తెల్లబడుతుంది. ఒక్కో అద్దాన్ని ఒక్కో రకంగా ముదురు చెయ్, ఒకటి రెండు చోట్ల కాగితం తెలుపు వదిలెయ్. తెల్ల గోడలకైతే రంగే అక్కర్లేదు. వెనక ఆకాశం ముదురుగా పడితే కాగితమే గోడ అవుతుంది.

చెట్లు పల్చగా, మొదటి అంతస్తు దాటకుండా. మనిషి 1:50లో 34 మిల్లీమీటర్ల చుట్టుపక్కల ఉండాలి. నీ మనిషి తల కిటికీ పైనుండే లింటెల్ దూలానికి తగులుతోంది. ఆ బెలూన్ పట్టుకున్న పిల్లను దయచేసి తీసెయ్, ఏ రెండరింగు (రంగులేసిన బిల్డింగు బొమ్మ) చూసినా ఆ పిల్లే.

కంప్యూటర్ మీదే చేస్తానంటే నాకు అభ్యంతరం లేదు, చేత్తో వేస్తేనే గొప్ప అనే రకం కాదు నేను. కాకపోతే ఫిల్టర్‌కు కనబడేది పిక్సెళ్లే. ఏది సన్‌షేడో, ఏది పిట్టగోడో దానికేం తెలుసు? ఏఐకి ఇస్తే ఇంకో గొడవ, రంగులు భలే వేస్తుంది గానీ నువ్వు పెట్టిన కిటికీ జరిగిపోవచ్చు, గ్రిల్ మారిపోవచ్చు. నువ్వు బిల్డింగు త్రీడీ మోడల్ చేసే స్కెచప్ నుంచి గీతలు ఒక ఇమేజ్, నీడలు ఒక ఇమేజ్ విడివిడిగా తీసుకో. నిజం కాగితం మీద నాలుగైదు వాష్‌లు వేసి స్కాన్ చేసి, ఫొటోషాప్‌లో మల్టిప్లై లేయర్లుగా (కింది బొమ్మ కనబడేలా పైన పరిచే పొరలుగా) పెట్టి, గోడకొకటి, నీడకొకటి మాస్క్ చెయ్, అంటే ఆ భాగంలోనే కనబడేలా కత్తిరించు. తడి రంగు ఆరేటప్పుడు అంచు దగ్గర నీరు తొందరగా ఆవిరవుతుంది, లోపలి నీరు అటు పారుతూ రేణువులను మోసుకుపోతుంది. అందుకే వాష్ అంచున సన్నటి ముదురు గీత కడుతుంది. కాఫీ మరక చుట్టూ వలయం వచ్చేదీ ఇందుకేనని 1997లో నేచర్ పత్రికలో వివరించారు. సరిగ్గా అదే ఏడాది కర్టిస్ అనే పరిశోధకుడి బృందం సిగ్రాఫ్ అనే కంప్యూటర్ గ్రాఫిక్స్ సమావేశంలో కంప్యూటర్ వాటర్‌కలర్ మీద ఒక పేపర్ ఇచ్చింది. కాగితం మీద పారే నీరు, దిగబడే రంగు, కాగితం పీల్చుకునే తడి, ఈ మూడింటినీ మూడు పొరలుగా విడదీసి లెక్కగట్టారు. నీకు ప్రోగ్రామింగ్ సరదా కదా, చదువు. ఆ ముదురు గీత వాష్ ఆరిన అంచునే వస్తుంది, తడిలో తడి కలిసినచోట రాదు. నీ ఫిల్టర్ అంతటా పెట్టేసింది.

ఈసారి షీటు పంపేటప్పుడు రంగు వెయ్యకుండా నీడల లేయర్ ఒక్కటే పంపు. దాంతోపాటు సెక్షన్ (బిల్డింగును నిలువుగా కోసి చూపే డ్రాయింగు) కూడా పెట్టు, బాల్కనీ ఎంత బయటికుందో, ఫ్రేము ఎంత లోపలికుందో కొలతలు లేకపోతే నేను దిద్దలేను. మీ కాలేజీలో డ్రాయింగులు చూసి మార్కులేసే జ్యూరీకి టైముంది, టెన్షన్ పడకు.

ఉంటాను,
అమ్మ