ఆ ఎర్ర సిరా గీత గురించి: విద్యాధికారి గారికి బహిరంగ లేఖ

గౌరవనీయులైన విద్యాధికారి గారికి,

నమస్కారం. నేను ఉత్తర ఐర్లాండ్‌లోని ఆంట్రిమ్ కౌంటీలో స్థిరపడిన తెలుగువాణ్ణి. పిల్లల ఇంటి మాటలను బడిలో తప్పులుగా కొట్టేయడం గురించి మీకు రెండు ఉత్తరాలు రాశాను. జవాబు రాలేదు కనుక నలుగురి ముందూ అడుగుతున్నాను.

మా పక్కింటి అబ్బాయి వ్యాసంలో ‘థోల్’ అని రాస్తే టీచర్ ఎర్ర సిరాతో కొట్టేశారు. ఓర్చుకోవడం అని దాని అర్థం. ఆ రోజు నుంచి వాడు తాతగారితో కూడా బడి ఇంగ్లీషే మాట్లాడుతున్నాడు. తాతగారు పైకి ఏమీ అనరు.

వాడి ఇంటి మాట పాడైపోయిన ఇంగ్లీషు కాదండీ, అల్‌స్టర్ అనే ఈ ప్రాంతపు అల్‌స్టర్-స్కాట్స్. 1600ల తొలినాళ్లలో స్కాట్లాండ్ నుంచి వలస వచ్చినవాళ్లు తెచ్చుకున్న మాట. స్కాట్లాండ్‌లోని ఎయిర్‌షైర్, గాలోవే ప్రాంతాల పలుకుబడికి దగ్గరి చుట్టం. పొరుగున ఉన్న అల్‌స్టర్ ఇంగ్లీషులోనూ దాని పదాలు బోలెడు, అందుకే రెంటినీ విడదీయడం కష్టం. 1960ల్లో భాషావేత్త రాబర్ట్ గ్రెగ్ ఊళ్లు తిరిగి దాని హద్దులు మ్యాపులో గీశారు. ఇది భాషా, యాసా అన్న వాదన ఇంకా నడుస్తూనే ఉంది. అది తేలేదాకా పిల్లవాడు సిగ్గుపడుతూ కూర్చోవాలా? శ్రీకాకుళం యాసకు క్లాసులో నవ్వులపాలైనవాణ్ణి, ఆ టెన్షన్ నాకు తెలుసు.

బ్రిటన్ ప్రభుత్వమే 2001లో ఐరోపా భాషల ఒడంబడిక కింద దీన్ని గుర్తించింది. కనుక ఈ మాటలను తప్పులుగా కొట్టేయవద్దని బడులకు రాతపూర్వకంగా ఆదేశించండి. ఈ మాటలో రాసిన కవి, మన కౌంటీలోని బాలీకారీ ఊళ్లో మగ్గం నేసిన జేమ్స్ ఓర్ పద్యం ఒక్కటైనా పాఠంగా చెప్పించండి. నెల రోజుల్లోగా మీ జవాబు కోరుతున్నాను.

ఇట్లు,
ఆంట్రిమ్ కౌంటీ నుంచి ఒక తెలుగు తండ్రి