శ్రావణం ఆర్డర్లు, మా గోడ మీది బోర్డు

నమస్కారమండీ.

వైశాఖం ముహూర్తాలకు మా ప్రెస్సులో శుభలేఖలు వేయించుకున్నవాళ్లలో కొందరికి కార్డులు ఆలస్యంగా ఇచ్చాం. ఒక ఇంటికైతే పెళ్లి ఇంకో ఆరు రోజులుందనగా అందాయి. ఊళ్లు తిరిగి పంచాల్సినవాళ్లు అప్పుడేం చేస్తారు? కరెంటు పోయిందని చెప్పాం. పోయిన మాట నిజమే, ఒక్క పూట. మిగతాదంతా మా చేతకానితనం.

ఆ ఇంటి అమ్మాయి హైదరాబాదులో ఒక సాఫ్ట్‌వేర్ కంపెనీలో స్క్రమ్ మాస్టర్, అంటే టీము పని ఒక పద్ధతిలో సాగేలా చూసే మనిషి. తిట్టడానికే వచ్చింది, తిట్టింది కూడా. వెళ్లబోతూ "ఇప్పుడు మీ దగ్గర ఎన్ని ఆర్డర్లు నడుస్తున్నాయి అంకుల్?" అంది. నేను పదిహేనన్నాను. డిజైన్ చేసే కుర్రాడు ఇరవై అన్నాడు. మెషిన్‌మేన్ వేళ్లు మడిచి లెక్కపెడుతూ మధ్యలో ఆపేశాడు. ఆషాఢంలో ప్రెస్సు ఎలాగూ ఖాళీయే కాబట్టి, మూడు శనివారాలు తనే వచ్చి, వాళ్ల రంగంలో పనులు నడిపే పద్ధతులు మా ఏడుగురికీ పాఠం చెప్పింది.

2001లో అమెరికాలోని యూటాలో పదిహేడుమంది సాఫ్ట్‌వేర్ వాళ్లు కూర్చుని ఎజైల్ మేనిఫెస్టో అని, తమ పని ఎలా సాగాలో చెప్పే ప్రకటన రాసుకున్నారట. వేసుకున్న ప్లాన్ పట్టుకుని వేలాడేకంటే మార్పొస్తే దానికి తగ్గట్టు సర్దుకోవడం మేలని అందులో ఒక మాట. ప్లేట్లు అయ్యాక "మేనమామ పేరు మర్చిపోయామండీ" అని ఫోనొచ్చే వ్యాపారం మాది, ఆ మాట మాకెవరూ విప్పి చెప్పక్కర్లేదు.

ముందు రెండు వారాల స్ప్రింట్లు పెట్టాం, అంటే రెండు వారాల పని ముందే తేల్చుకుని అదే చేయడం. నాలుగు రోజులకే మూలపడింది. ఎల్లుండి బారసాల అని వచ్చినాయన్ని వచ్చే స్ప్రింట్‌లో రమ్మంటామా? అప్పుడు కాన్‌బాన్‌కి మారాం. ఇది టయోటా కార్ల ఫ్యాక్టరీలో తైచి ఓనో తెచ్చిన పద్ధతి. తర్వాతి బల్ల అడిగితేనే ముందటి బల్ల సరుకు అందించాలి, ఖాళీగా ఉన్నాం కదా అని గుట్టలు పోయకూడదు. ఆ అడిగే చీటీయే కాన్‌బాన్. చీటీలకు మాకు కరువా, కటింగ్ మెషిన్ కింద బుట్టెడు కార్డు ముక్కలు.

గోడకు తెల్లబోర్డు కొట్టి గడులు గీశాం: వచ్చినవి, డిజైన్, ప్రూఫ్, ప్రింటింగ్, ఫినిషింగ్, ఇచ్చేసినవి. ఆర్డరుకో ముక్క, దాని మీద ముహూర్తం తేదీ ఎర్రసిరాతో. డిజైన్ గడిలో మూడింటికి మించి ఉండకూడదు. ఇదివరకు తొమ్మిది ఒకేసారి తెరిచి, అడిగినవాళ్లందరికీ "మీదే చేస్తున్నామండీ" అనేవాళ్లం. అబద్ధం కాదు, కానీ ఏదీ తెమిలేది కాదు.

శ్రావణం ఆర్డర్లు మొదలవగానే ప్రూఫ్ గడి నిండిపోయింది. కస్టమర్లు ఓకే చెప్పరని నేను విసుక్కున్నాను. తీరా చూస్తే మేం రాత్రి పదిన్నరకు వాట్సాప్‌లో ఫొటో పడేసి చేతులు దులుపుకుంటున్నాం. ఇంటిపేర్లలో తప్పులు పట్టగల పెద్దవాళ్లు అప్పటికి నిద్రలో ఉంటారు. ఇక నుంచి ప్రూఫ్ సాయంత్రం అయిదులోపే వస్తుంది.

రోజూ పొద్దున్నే అందరం పదిహేను నిమిషాలు నిలబడి పని సంగతి మాట్లాడుకోవాలని కూడా ఆ అమ్మాయి చెప్పింది. దాన్ని చెడగొట్టింది నేనే. "నిన్న ఎందుకు కాలేదు?" అని ఒక్కొక్కర్నీ నిలదీస్తే, మూడో రోజుకల్లా అందరూ "అంతా బాగానే ఉందండీ" అనడం నేర్చుకున్నారు. ఆ మధ్యాహ్నమే బంగారు ఫాయిల్ అయిపోయి పని ఆగింది. రోల్ అడుగంటిందని మెషిన్‌మేన్‌కి ముందురోజే తెలుసు, నా మొహం చూసి చెప్పలేదు. ఇప్పుడు బోర్డు దగ్గర అడిగేది బైండింగ్ చూసే అక్క. ఇవ్వబోయే ఆర్డర్ల వైపు నుంచి మొదలుపెట్టి వెనక్కి వస్తుంది. నా వంతు ఆఖర్న.

ఇంకా కుదరనిది డైకటింగ్, అంటే కార్డును అచ్చుతో రకరకాల ఆకారాల్లో కోయడం. అది బయట చేయిస్తాం, అక్కడికెళ్లిన కార్డు ఎప్పుడొస్తుందో మా బోర్డుకు తెలియదు. అందుకే ఆ మోడళ్లకు నాలుగు రోజులు అదనంగా అడుగుతున్నాం.

గడులు నిండితే కొత్త ఆర్డరు తీసుకోం, ఆ సంగతి మొదటిరోజే చెప్పేస్తాం. పోయినవారం ఇద్దర్ని వెనక్కి పంపాం. నష్టమే, రాత్రి నిద్ర కూడా పట్టలేదు.

మీ కార్డు ఏ గడిలో ఉందో చూడాలంటే కౌంటర్ దాటి లోపలికి రండి. ఫోన్లో అడగొద్దు. "అయిపోయిందండీ, రేపే" అనే అలవాటు మా కౌంటర్ అబ్బాయికి ఇంకా పూర్తిగా పోలేదు.